కరెంటు పొయ్యి ఖర్చు ఎవరి ఖాతాలో? పేద దేశాల్లో స్వచ్ఛ వంట నిధుల లెక్క

వంటింటి పొగను వదిలించడానికి ప్రపంచానికి ఎంత డబ్బు కావాలి? ఈ ప్రశ్నకు గత కొన్నేళ్లలో వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఏటా 15,000 కోట్ల డాలర్లు కావాలని 2020లో ప్రపంచ బ్యాంకు ఇంధన విభాగం ఈఎస్‌మ్యాప్ లెక్కగట్టింది. ఏటా 800 కోట్ల డాలర్లు చాలని, అందులో సగం సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాకే అవసరమని 2023లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ చెప్పింది. 2024 మే 14న పారిస్‌లో జరిగిన సదస్సులో ప్రభుత్వాలు, కంపెనీలు కలిసి 220 కోట్ల డాలర్లు ఇస్తామని మాట ఇచ్చాయి. ఏడాది గడిచాక, అందులో 47 కోట్ల డాలర్లకు పైగా విడుదలైనట్టు తేలింది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసిన పాఠకుడికి ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనే అనిపిస్తుంది.

నిజానికి ఎవరూ తప్పు చెప్పడం లేదు. వాళ్లు కొలిచిన వస్తువులు వేరు. ఐఈఏ లెక్కలో ఉన్నవి ప్రధానంగా పొయ్యిలు, వాటిని నడిపించడానికి అవసరమైన సదుపాయాలు. ఈఎస్‌మ్యాప్ లెక్కలో వాటితో పాటు ప్రతి కుటుంబం ఏడాది పొడవునా కొనే ఇంధనం ఖర్చు కూడా ఉంది. ఆ 15,000 కోట్ల పైచిలుకులో ప్రభుత్వాలు, దాతలు భరించాల్సింది సుమారు 3,900 కోట్లు, ప్రైవేటు పెట్టుబడి 1,100 కోట్లు, మిగిలిన 10,300 కోట్లు కుటుంబాలే పొయ్యిలకూ ఇంధనానికీ పెట్టే ఖర్చు. అంటే ఈ వ్యవహారంలో అతి పెద్ద ‘దాత’ వంట చేసుకునే కుటుంబమే. నిధుల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ సంగతి అడుగున పడిపోతూ ఉంటుంది.

స్వచ్ఛ వంట అంటే ఏమిటి

కట్టెలు, కట్టెబొగ్గు, పిడకలు, పంట వ్యర్థాలు, కిరసనాయిలుతో కాకుండా ఇంట్లోకి హానికరమైన పొగ వదలని ఇంధనంతో వండుకోవడాన్ని స్వచ్ఛ వంట అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం కరెంటు, ఎల్పీజీ, బయోగ్యాస్, సౌరశక్తి ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ స్వచ్ఛత అంటే వంటింట్లోని గాలి స్వచ్ఛత. ఎల్పీజీ శిలాజ ఇంధనమే అయినా ఈ జాబితాలో ఉండడానికి కారణం అదే. తక్కువ కట్టెలతో మండే ‘మెరుగైన పొయ్యి’ వంటచెరకును ఆదా చేస్తుంది కానీ, చాలా నమూనాలు ఈ ప్రమాణాన్ని అందుకోవు.

కరెంటు వంటలో కూడా అన్ని పరికరాలూ ఒకటి కావు. వేడెక్కే చుట్టతో పనిచేసే హాట్‌ప్లేట్ ధర తక్కువ, కరెంటు వాడకం ఎక్కువ. ఇండక్షన్ స్టవ్ గిన్నెనే నేరుగా వేడి చేస్తుంది కాబట్టి వృథా తక్కువ, కానీ అయస్కాంతం అంటుకునే గిన్నెలు కావాలి. చుట్టూ వేడి బయటికి పోకుండా కప్పి ఉండే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ వీటన్నిటికన్నా పొదుపరి. బొగ్గు కుంపటి మీద రెండు మూడు గంటలు ఉడకాల్సిన ఎండు చిక్కుడు గింజలు ఇందులో గంట లోపే, అర యూనిట్ కరెంటు కూడా కాల్చకుండా ఉడికిపోతాయి. ఇథియోపియాలో ఇంజెరా రొట్టె కాల్చే కరెంటు పెనం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వెడల్పాటి మట్టి పలక కింద చుట్టలు బిగించిన ఆ పెనం ఒక్కటే మూడున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది.

ప్రపంచంలో సుమారు 210 కోట్ల మందికి స్వచ్ఛ వంట లేదు. ఇంట్లోకి కరెంటే రాని వాళ్లు 70 కోట్ల లోపు. ఈ రెంటి మధ్య తేడాను బట్టి చూస్తే, ఇంట్లో బల్బు వెలుగుతున్నా పొయ్యిలో కట్టెలే మండుతున్న వాళ్లు 140 కోట్ల దాకా ఉన్నారు. కరెంటు వంటకు నిధులు అన్నప్పుడు మొదట లెక్కలోకి రావాల్సింది వీళ్లే. తీగ ఇంటి దాకా వచ్చి, పొయ్యి దగ్గరికి రాకుండా ఆగిపోయింది ఎందుకు?

ఒక కుటుంబం లెక్క

అర్థం కావడం కోసం ఊహాత్మకంగా ఒక నగర కుటుంబాన్ని తీసుకుందాం. నెలకు 15 డాలర్ల బొగ్గు కొంటారు. కుక్కర్ ధర 80 డాలర్లు, యూనిట్ కరెంటు 20 సెంట్లు అనుకుందాం.

మొదటి దారి: ఎక్కువసేపు ఉడకాల్సిన పప్పులు, గింజలు, మాంసం మాత్రమే కుక్కర్‌లో వండి మిగతావి కుంపటి మీదే కానిస్తారు. నెలకు 15 యూనిట్లు కాలితే కరెంటుకు 3 డాలర్లు, బొగ్గుకు 8 డాలర్లు, మొత్తం 11. ఆదా 4 డాలర్లు. కుక్కర్ ధర 20 నెలల్లో తిరిగి వస్తుంది.

రెండో దారి: కుంపటిని పూర్తిగా ఎత్తేస్తారు. ఇందుకు ఇండక్షన్ స్టవ్, గిన్నెలు కూడా కావాలి కాబట్టి పెట్టుబడి 140 డాలర్లు. నెలకు 50 యూనిట్లు, అంటే 10 డాలర్లు. ఆదా 5 డాలర్లు.

మొదటి దారి నుంచి రెండో దారికి వెళ్లడానికి ఆ కుటుంబం అదనంగా 60 డాలర్లు పెడితే, అదనంగా మిగిలేది నెలకు ఒకే ఒక్క డాలరు. ఆ 60 డాలర్లు తిరిగి రావడానికి 5 ఏళ్లు పడుతుంది. అందుకే చాలా ఇళ్లలో కరెంటు కుక్కర్ పక్కనే కుంపటి కూడా మండుతూ ఉంటుంది. అలవాటు, రుచి, చదువులేనితనం అంటూ దీనికి రకరకాల కారణాలు చెబుతుంటారు కానీ, పై లెక్క వేసుకున్న గృహిణి ఎవరైనా అదే నిర్ణయం తీసుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఆరోగ్య ప్రయోజనం అత్యధికంగా ఉన్నది కుంపటిని పూర్తిగా ఎత్తేసే ఆ రెండో దారిలోనే. పొగను సగానికి తగ్గించినంత మాత్రాన జబ్బుల ముప్పు సగానికి తగ్గదు. కొద్దిపాటి పొగ కూడా ఊపిరితిత్తులకూ గుండెకూ గణనీయమైన హాని చేస్తుంది. ఇళ్లలోని పొగ వల్ల 2020లో 32 లక్షల మంది ముందుగా మరణించారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ పరిస్థితిని ఇలాగే వదిలేస్తే సమాజానికి ఏటా పడే భారం 2.4 లక్షల కోట్ల డాలర్లని ఈఎస్‌మ్యాప్ లెక్క. అందులో ఆరోగ్య నష్టం 1.4 లక్షల కోట్లు, స్త్రీలు పోగొట్టుకునే సమయం విలువ 0.8 లక్షల కోట్లు, వాతావరణానికి జరిగే హాని 0.2 లక్షల కోట్లు. ఈ మూడూ నిజమైన నష్టాలే. కానీ వాటిని అరికడితే వచ్చే లాభం నెలాఖరున ఎవరి చేతిలోనూ నోటు రూపంలో పడదు. కట్టెలు ఏరడంలో మిగిలిన రెండు గంటలను ఏ అప్పుల సంస్థా తాకట్టు పెట్టుకోదు.

అప్పు, వడ్డీ, డాలరు

బొగ్గును డబ్బాల లెక్కన ఏ రోజుకారోజు కొనుక్కునే ఇంట్లో 80 డాలర్లు ఒక్కసారిగా ఉండవు. పై ఉదాహరణలో 30 శాతం వడ్డీతో ఏడాది వాయిదాలు కడితే నెలకు 8.67 డాలర్లు అవుతుంది. ఆదా అయ్యేది 4 డాలర్లే. దాత ఎవరైనా సగం ధర భరించి 40 డాలర్లకు ఇప్పిస్తే వాయిదా 4.33కు దిగుతుంది, దాదాపు ఆదాతో సరి. సబ్సిడీ ఎంత ఉండాలన్న ప్రశ్నకు సరైన కొలమానం ఇదే: పరికరం ధరలో ఎంత శాతం అన్నది కాదు, వాయిదా ఆదాను మించకుండా ఉండడానికి ఎంత కావాలన్నది.

వాయిదాల పద్ధతికి కొత్త రూపం, కట్టినంత వాడుకునే ఏర్పాటు. బంగ్లాదేశ్, కంబోడియాల్లో ఎటెక్ అనే సంస్థ అమ్ముతున్న ఇండక్షన్ స్టవ్‌లు ఫోన్ నెట్‌వర్క్‌కు అనుసంధానమై ఉంటాయి. పొయ్యి ఎంత వాడిందీ కంపెనీకి తెలుస్తుంది. ఇంకో మార్గం కరెంటు బిల్లులోనే వాయిదా వసూలు చేయడం. ప్రీపెయిడ్ మీటర్లు ఉన్నచోట రీచార్జి చేసిన ప్రతిసారీ కొంత మినహాయించుకోవచ్చు. పంపిణీ సంస్థకు వినియోగదారుడి చెల్లింపుల చరిత్ర ముందే తెలుసు కాబట్టి ఇందులో నష్టభయం తక్కువ.

అసలు పెద్ద నష్టభయం కుటుంబం దగ్గర లేదు, మారకం రేటులో ఉంది. కంపెనీలు డాలర్లలో అప్పు తెచ్చి, డాలర్లలో సరుకు దిగుమతి చేసుకుని, స్థానిక కరెన్సీలో వాయిదాలు వసూలు చేస్తాయి. మలావీ కేంద్ర బ్యాంకు 2023 నవంబరులో తన కరెన్సీ క్వాచా విలువను ఒక్క దెబ్బతో తగ్గించడంతో డాలరు 1,180 నుంచి 1,700 క్వాచాలకు ఎక్కింది. 80 డాలర్ల కుక్కర్ 94,400 క్వాచాల నుంచి 1,36,000 క్వాచాలకు చేరింది. కుటుంబం ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టకపోయినా కంపెనీ మునిగిపోగలదు. స్థానిక కరెన్సీలో రుణాలు, హామీలు కావాలని ఈ రంగంలోని వాళ్లు గట్టిగా అడిగేది అందుకే.

చౌక యూనిట్ ఎవరికి దక్కుతుంది

పరికరం ఒక్కసారి ఖర్చు. బిల్లు నెలనెలా వస్తుంది. అందుకని వంట కోసం ప్రత్యేక టారిఫ్ పెట్టిన దేశాల్లో ఉగాండా ఒకటి. అక్కడి ఇళ్లలో నెలకు 81 నుంచి 150 యూనిట్ల మధ్య వాడకానికి యూనిట్ ధర 412 షిల్లింగులు. దాని కింది శ్లాబులో, 16 నుంచి 80 వరకు, 750 షిల్లింగుల చుట్టూ ఉంటుంది. సాధారణంగా వాడకం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఇక్కడ మధ్యలో ఒక పల్లం తవ్వారు. ఎక్కువ వాడితే అది వంటకేనన్నది దీని వెనుక ఆలోచన.

మిగతా షరతులను పక్కనపెట్టి రెండు ఇళ్లను పోల్చి చూద్దాం. రెండిళ్లలోనూ వంటకు కొత్తగా 40 యూనిట్లు కావాలి. ఇప్పటికే ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె ఉండి 90 యూనిట్లు వాడే ఇంటికి ఆ నలభైకీ 412 చొప్పున 16,480 షిల్లింగులు పడుతుంది. 50 యూనిట్లే వాడే ఇల్లు మాత్రం ముందు 30 యూనిట్లను 750 చొప్పున కొని, ఆ తర్వాత పదింటిని మాత్రమే చౌకగా పొందుతుంది. మొత్తం 26,620 షిల్లింగులు. అదే గింజలు, అదే కుక్కర్, పేద ఇంటికి 60 శాతం ఎక్కువ ఖర్చు. వంట వాడకాన్ని విడిగా కొలిచే మీటరు ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. కానీ ఆ మీటరు ఖర్చు మళ్లీ ఎవరో భరించాలి.

మరి అందరికీ ధర తగ్గించేస్తే సరిపోదా? సహారాకు దక్షిణాన ఉన్న 39 దేశాలను పరిశీలించిన ప్రపంచ బ్యాంకు 2016 నాటి అధ్యయనంలో ఖర్చులు పూర్తిగా రాబట్టుకోగలుగుతున్న విద్యుత్ రంగాలు రెండే తేలాయి: సీషెల్స్, ఉగాండా. మిగతా చోట్ల అమ్మిన ప్రతి యూనిట్ మీదా ఎంతో కొంత నష్టమే. అలాంటి సంస్థకు కొత్త వంట వినియోగదారుడు వరం కాదు, భారం. జలవిద్యుత్ మిగులు ఉండి, కొనేవాళ్లు లేక నీటిని వృథాగా వదిలేసే చోట మాత్రం పరిస్థితి తారుమారవుతుంది. అక్కడ చౌకగా అమ్మినా లాభమే.

అయిదు ఆంపియర్ల మీటరు

నేపాల్‌కు వర్షాకాలంలో జలవిద్యుత్ మిగులుతుంది. ఎల్పీజీ అంతా భారత్ నుంచి దిగుమతే. 2015లో సరిహద్దు దిగ్బంధంతో సిలిండర్లు ఆగిపోయినప్పుడు జనం ఇండక్షన్ స్టవ్‌ల కోసం ఎగబడ్డారు. 2030 నాటికి 25 శాతం ఇళ్లలో కరెంటే ప్రధాన వంట ఇంధనం కావాలని 2020లో ఆ దేశం తన వాతావరణ ప్రణాళికలో రాసుకుంది. కాగితం మీద ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

అయితే పేద ఇళ్ల గోడకు ఉన్నది 5 ఆంపియర్ల మీటరు. 230 వోల్టుల దగ్గర దాని గుండా వెళ్లగలిగేది 1,150 వాట్లు. ఇండక్షన్ స్టవ్‌ను 2,000 వాట్ల మీద పెట్టిన మరుక్షణం ఫ్యూజ్ పోతుంది. 15 ఆంపియర్లకు మారాలంటే ఇంటి లోపలి వైరింగ్ కూడా మార్చుకోవాలి. పైగా చిన్న మీటరు వాళ్లకు మొదటి 20 యూనిట్ల మీద ఉన్న ఉచిత సదుపాయాన్ని వదులుకోవాలి. పొయ్యి ఉచితంగా ఇచ్చినా ఈ ఖర్చు మిగిలే ఉంటుంది. ఇండోనేషియాలోనూ ఇదే తంతు. అక్కడి పేద కుటుంబాల కనెక్షన్లు 450 వోల్ట్-ఆంపియర్లవి, అంటే మహా అయితే 450 వాట్లకు సరిపోయేవి. లక్షల ఇళ్లకు ఇండక్షన్ స్టవ్‌లు పంచాలనుకున్న పథకాన్ని ప్రజల విమర్శల నడుమ 2022 సెప్టెంబరులో విద్యుత్ సంస్థ విరమించుకుంది.

ఇంటి బయట ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. 60 ఇళ్లకు 25 కిలోవాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉందని, సాయంత్రం వాడకం ఇప్పటికే 15 కిలోవాట్లని అనుకుందాం. ఇరవై ఇళ్లలో కిలోవాట్ కుక్కర్లు వచ్చాయి. ప్రెషర్ వచ్చాక కుక్కర్ ఆగి ఆగి మాత్రమే కరెంటు లాగుతుంది, అందరూ ఒకే నిమిషంలో వండరు కూడా. కాబట్టి ఒక్కసారిగా పడే భారం నాలుగో వంతు, 5 కిలోవాట్లే. ఇబ్బంది లేదు. అరవై ఇళ్లలోనూ వస్తే ఆ భారం 15 కిలోవాట్లు, మొత్తం 30, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్సిందే. మొదటి ఇరవై ఇళ్ల విజయాన్ని చూపించి పథకాలను విస్తరిస్తారు. ఆ తర్వాతి నలభై ఇళ్ల దగ్గర వచ్చే ఖర్చు ఏ పద్దులోనూ కనిపించదు. దాతల నిధులు పొయ్యి మీద అంటించిన స్టిక్కరును ఇష్టపడినంతగా స్తంభం మీది పరికరాన్ని ఇష్టపడవు.

కార్బన్ క్రెడిట్ల డబ్బు: ఆశ, వివాదం

కుటుంబానికి కనిపించని లాభాన్ని డబ్బుగా మార్చే ప్రయత్నమే కార్బన్ క్రెడిట్. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ విడుదల తప్పిస్తే ఒక క్రెడిట్. దాన్ని ఎక్కడో ఒక కంపెనీయో ప్రభుత్వమో కొంటుంది. మన ఊహాత్మక కుటుంబం ఏడాదికి 2 టన్నులు తప్పించిందని, టన్ను ధర 10 డాలర్లని అనుకుంటే ఏటా 20 డాలర్లు, 5 ఏళ్లకు 100 డాలర్లు. కుక్కర్ ధర దాటిపోయింది.

ఆ రెండు టన్నులు నిజమేనా అన్నదే వివాదం. 2024 జనవరిలో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తాము పరిశీలించిన పొయ్యి ప్రాజెక్టులు వాస్తవం కన్నా 9.2 రెట్లు ఎక్కువ క్రెడిట్లు పొందాయి. పొయ్యి వాడకాన్ని అతిగా అంచనా వేయడం, కుంపటి పక్కనే మండుతూ ఉండడాన్ని విస్మరించడం, నరికిన కట్టెల్లో అడవి తిరిగి పెంచుకోలేని వాటా ఎంతన్నది ఎక్కువ చేసి చూపడం ఇందుకు ముఖ్య కారణాలు. పరిశోధకుల లెక్కల్లోని కొన్ని ఊహలు మరీ కఠినమని, ఈ ఆదాయం లేకపోతే పేద ఇళ్లకు పొయ్యిలే చేరవని ప్రాజెక్టుల వాళ్లు వాదిస్తారు. రెండో మాటలో నిజం లేకపోలేదు. కానీ లేని టన్నును కొన్న కంపెనీ దాన్ని చూపించి తన పొగను వదులుతూనే ఉంటుందన్నది కూడా అంతే నిజం.

కరెంటు వంటకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. కట్టెల పొయ్యి ఎంత మండిందో అడిగి తెలుసుకోవాలి. కరెంటు పొయ్యి ఎంత కాలిందో మీటరే చెబుతుంది. అలా కొలిచి లెక్కించే పద్ధతిని, కార్బన్ క్రెడిట్లను ధ్రువీకరించే గోల్డ్ స్టాండర్డ్ సంస్థ 2021లో తెచ్చింది. అదే బర్క్‌లీ అధ్యయనంలో ఈ పద్ధతి అతిశయం 1.5 రెట్లే. మన ఉదాహరణలో 9.2తో భాగిస్తే ఏటా దక్కేది 2 డాలర్ల చిల్లర, 1.5తో భాగిస్తే 13 డాలర్లు. మొదటిది ధూళి, రెండోది పనికొచ్చే సొమ్ము. వాయిదాలు వసూలు చేయడానికి పెట్టిన మీటరే క్రెడిట్ కొనేవాడికీ సాక్ష్యం కావడం ఈ రంగంలో నాకు కనిపించిన నిజమైన కొత్తదనం.

ఫలితాన్ని బట్టి చెల్లింపు అనే మరో పద్ధతిలో పరికరం ఇల్లు చేరిందని తనిఖీ అయ్యాకే దాత డబ్బు ఇస్తాడు. ప్రపంచ బ్యాంకు స్వచ్ఛ వంట నిధి రువాండాలో ఈ తీరున పనిచేసింది. ప్రజాధనం వృథా కాదు, నిజమే. కానీ అప్పటిదాకా సరుకు కొని నిల్వ పెట్టగల స్తోమత ఉన్న కంపెనీలే నిలుస్తాయి.

ఎల్పీజీయా, కరెంటా

పారిస్ హామీల్లో టోటల్ ఎనర్జీస్ వంటి చమురు సంస్థ ఎల్పీజీ పెట్టుబడులు కూడా కలిసి ఉన్నాయి. ఆఫ్రికాలో రాబోయే ఏళ్లలో కొత్తగా స్వచ్ఛ వంటకు మారేవాళ్లలో అత్యధికులు ఎల్పీజీ వైపే వెళ్తారని ఐఈఏ అంచనా. బలమైన తీగలు వచ్చేదాకా పిల్లలు పొగలో దగ్గుతూ ఉండాలా అన్నది ఎల్పీజీ వైపు వాదన. దిగుమతులకూ సబ్సిడీలకూ ఒకసారి అలవాటుపడితే బయటపడడం కష్టమన్నది ఎదుటి వాదన.

ఈ రెండో వాదనకు ఈక్వెడార్ సాక్ష్యం. పేద దేశం కాకపోయినా అక్కడి పాఠం అందరికీ వర్తిస్తుంది. 2014లో అక్కడి ప్రభుత్వం 30 లక్షలకు పైగా ఇళ్లను ఇండక్షన్‌కు మార్చాలనుకుంది. రుణమిచ్చింది, వంటకు నెలకు 80 యూనిట్లు ఉచితమంది. చివరికి మారినవి సుమారు ఏడున్నర లక్షల ఇళ్లు. 15 కిలోల గ్యాస్ సిలిండర్‌ను 1.60 డాలర్లకే అమ్మడం మాత్రం ఆ ప్రభుత్వం మానలేదు. ఒక చేత్తో ఇచ్చిన సబ్సిడీతో ఇంకో చేత్తో ఇచ్చిన సబ్సిడీ పోటీ పడింది.

మొదటి వాదనకు జాంబియా సాక్ష్యం. కరెంటు మీద వండే నగర కుటుంబాలు అక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2024 కరువుకు కరీబా జలాశయం అడుగంటింది. దేశం విద్యుత్ ప్రధానంగా నీటి నుంచే వస్తుంది కాబట్టి చాలా ఇళ్లకు రోజులో మూడు నాలుగు గంటలే కరెంటు దక్కిన రోజులు వచ్చాయి. పొయ్యి కొన్నారు, వాయిదాలు కట్టారు, వైరింగ్ ఉంది, వంట తెలుసు. అయినా సాయంత్రమయ్యేసరికి బొగ్గు బస్తా కొనక తప్పలేదు. ఇంట్లో బ్యాటరీ ఉంటే ఆ గంటలు గడిచిపోయేవి. కానీ ఒక పూట వంటకు సరిపడే బ్యాటరీ ధర కుక్కర్ ధరకు ఎన్నో రెట్లు, ఆ ఖర్చు మొదట్లో చెప్పిన ప్రభుత్వ, ప్రైవేటు, కుటుంబ వాటాల్లో దేనిలోకి వస్తుందో ఇంకా తేలలేదు.